కస్టమర్ ఏం చూస్తున్నాడో కాపలా కాయడం ఆపరేటర్ పనేనా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర కేబుల్‌తో పాటు ఫైబర్ ఇంటర్నెట్ ఇస్తున్నాం. 700 కనెక్షన్లు. ఒక ఐపీ (ఇంటర్నెట్ అడ్రసు) నుంచి కొత్త తెలుగు సినిమా టొరెంట్‌లో (కంప్యూటర్లు ఒకదానికొకటి ఫైళ్లు పంచుకునే పద్ధతి) షేర్ అవుతోందని, ఆ కస్టమర్‌ను గుర్తించి లైన్ కట్ చేయమని మా పైన ఉన్న ఐఎస్‌పీ (మాకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) ఒక మెయిల్ ఫార్వర్డ్ చేసింది. పైరసీ చేసేవాళ్లను ఇట్లా మేమే కనిపెట్టాలా? ఎవరు ఏం చూస్తున్నారో చూపించే బాక్స్ ఒకటి కొందామని మా పార్ట్‌నర్ అంటున్నాడు. మా దగ్గర సినిమాల లోకల్ సర్వర్ కూడా ఉంది, దానికేమన్నా ఇబ్బంది వస్తదా?

జవాబు:

కస్టమర్ల మీద కాపలా పెట్టాల్సిన బాధ్యత మీది కాదన్నా. చట్టం ఆ పని మీకు అప్పజెప్పలేదు. మీ దగ్గరున్న సామానుతో అది అయ్యే పని కూడా కాదు. పట్టుబట్టి చేయబోతే ఏ పాపం తెలియనివాడి లైన్ కట్ అవుతుంది. అట్లని మెయిల్‌ను చూసీచూడనట్టు వదిలేయమని కాదు. లాగులు (ఏ కస్టమర్ ఏ ఐపీని ఎప్పుడు వాడాడో చెప్పే రికార్డులు) సరిగ్గా ఉంచడం, చెల్లుబాటయ్యే ఆర్డరు వస్తే ఆలస్యం లేకుండా అమలు చేయడం, మీ సొంత సర్వర్ రాక్‌లో దొంగ సినిమా లేకుండా చూసుకోవడం మాత్రం కచ్చితంగా మీ పనులే. లోకల్ సర్వర్ సంగతి చివర్న ఒక్క ముక్కలో అడిగారు గానీ, మీ మొత్తం ప్రశ్నలో నిజంగా భయపడాల్సింది దానికే. అక్కడికి వస్తాను.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. ఐఎస్‌పీకి రక్షణ ఇచ్చేది ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 79. 2008 సవరణతో దానికి ఇప్పటి రూపం వచ్చింది, 2009 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. సమాచారం పంపడం మీరు మొదలుపెట్టకూడదు, ఎవరికి చేరాలో మీరు నిర్ణయించకూడదు, లోపలున్నదాన్ని ఏరకూడదు, మార్చకూడదు, చట్టం చెప్పిన జాగ్రత్తలు తీసుకోవాలి. ఇంతవరకు పాటిస్తే ఎవరో చేసిన తప్పుకు మీరు జవాబుదారు కారు. తప్పు జరుగుతున్న సంగతి మీకు 'తెలిసినట్టు' ఎప్పుడు లెక్క అన్నది 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు ఆర్డరో, ప్రభుత్వ నోటిఫికేషనో అందినప్పుడే.

కాపీరైట్ దగ్గర ఒక మెలిక ఉంది. ఐటీ చట్టంలోని ఏదీ కాపీరైట్ హక్కులకు అడ్డు రాదని అదే చట్టం సెక్షన్ 81 చెబుతుంది. ఈ రెండు సెక్షన్లను కలిపి ఎట్లా చదవాలో 2016 డిసెంబర్‌లో మైస్పేస్ కేసులో ఢిల్లీ హైకోర్టు వివరించింది. హక్కుదారు ఫలానా కాపీ ఫలానా చోట ఉందని కచ్చితంగా చూపిస్తే దాన్ని తీసేయాలి, అంతేగానీ వచ్చేపోయేదాన్నంతా ముందే జల్లెడ పట్టాల్సిన బాధ్యత లేదు అన్నది దాని సారం. గమనించండి, అది ఫైళ్లు తన దగ్గర పెట్టుకున్న సైటు గురించి చెప్పిన మాట. మీరు ఇచ్చేది తీగ.

కాపీరైట్ చట్టం 1957కు 2012లో వచ్చిన సవరణ ఇంకా సూటిగా ఉంటుంది. డేటా పంపే సాంకేతిక ప్రక్రియలో తాత్కాలికంగా ఏర్పడే కాపీ ఉల్లంఘన కాదని సెక్షన్ 52(1)(బి) అంటుంది. ఆ పక్కనే ఉన్న 52(1)(సి), దానికి తోడు కాపీరైట్ రూల్స్ 2013లోని 75వ రూల్, ఫిర్యాదు ఎట్లా ఉండాలో చెబుతాయి. రాతపూర్వకంగా ఉండాలి. ఏ కృతి, హక్కు ఎవరిది, కాపీ ఎక్కడుంది అన్న వివరాలుండాలి. కోర్టులో దావా వేసి 21 రోజుల్లో ఆర్డరు తెస్తామన్న హామీ ఉండాలి. అట్లాంటి ఫిర్యాదు వస్తే 36 గంటల్లో ఆ కాపీకి దారి మూయాలి. 21 రోజుల్లో కోర్టు ఆర్డరు రాకపోతే దారి మళ్లీ తెరవొచ్చు. ఇదంతా కాపీ గురించి. కస్టమర్ కనెక్షన్ పీకమని అందులో ఒక్క మాట కూడా లేదు. మూడుసార్లు పట్టుబడితే లైన్ కట్ అనే పద్ధతి మన చట్టంలో ఎక్కడా లేదు.

మీ ఐఎస్‌పీ వాళ్లు లైసెన్స్ షరతు చూపించి భయపెట్టొచ్చు. కాపీరైట్‌ను ఉల్లంఘించే కంటెంట్ నెట్‌వర్క్‌లో పోకుండా చర్యలు తీసుకోవాలని యూనిఫైడ్ లైసెన్స్‌లో ఉన్నమాట నిజమే. ఆ వాక్యాన్ని చివరిదాకా చదవమనండి. అధికారం ఉన్న సంస్థలు నిర్దిష్టమైన ఉదంతాన్ని తెలియజేస్తే వెంటనే ఆపాలని ఉంటుంది. మీకొచ్చిన మెయిల్ పంపింది నిర్మాత తరఫున పనిచేసే ఏదో ప్రైవేటు మానిటరింగ్ కంపెనీ అయ్యుంటుంది. ఆ రెండూ ఒకటి కాదు.

ఇప్పుడు ఆ మెయిల్‌నే విప్పి చూద్దాం. మానిటరింగ్ కంపెనీ చేసేది చాలా మామూలు పని. సినిమా టొరెంట్‌లో తానూ ఒక సభ్యుడిగా చేరి, అక్కడ కనిపించిన ఐపీలన్నీ రాసుకుంటుంది. జాగ్రత్తగా చేసేవాళ్లు ఆ ఐపీ నుంచి సినిమా ముక్క నిజంగా దిగుతుందో లేదో పరీక్షిస్తారు. బద్ధకస్తులు ట్రాకర్ (టొరెంట్‌లో ఎవరెవరున్నారో చెప్పే సర్వర్) ఇచ్చిన జాబితా తీసుకుని మెయిళ్లు కొట్టేస్తారు. ఆ జాబితాలో అబద్ధపు ఐపీని ఎక్కించడం ఎంత తేలికో 2008లోనే వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసి చూపించారు. వాళ్ల నెట్‌వర్క్ ప్రింటర్లకు సినిమాలు డౌన్‌లోడ్ చేస్తున్నారని నోటీసులు వచ్చాయి.

అందుకే మెయిల్‌లో మొదట చూడాల్సింది సినిమా పేరు కాదు, నాలుగు వివరాలు: పబ్లిక్ ఐపీ, సోర్స్ పోర్ట్ (ఒకే ఐపీని పంచుకునేవాళ్లలో ఎవరి కనెక్షనో తేల్చే సంఖ్య), సెకన్లతో సహా టైమ్, ఆ టైమ్ ఏ జోన్‌దో. టొరెంట్ అయితే ఇన్ఫోహ్యాష్ (ఆ టొరెంట్‌ను గుర్తించే కోడ్) కూడా ఉండాలి. మామూలుగా వచ్చే నోటీసుల్లో తప్పిపోయేది పోర్టే. పోర్ట్ లేకపోతే ఆ మెయిల్‌తో మీరేమీ చేయలేరు, ఎందుకంటే మీ 700 మందికి 700 పబ్లిక్ ఐపీలు లేవు.

సీజీనాట్ (ఒక పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకు పంచే ఏర్పాటు) లెక్క ఒకసారి వేద్దాం. కస్టమర్లకు లోపల ఇచ్చేవి 100.64.0.0/10 శ్రేణిలోని అడ్రసులు, బయటికి కనిపించేది పంచుకున్న పబ్లిక్ ఐపీ. ఒక్క పబ్లిక్ ఐపీకి 65,536 పోర్టులు. మొదటి 1,024 పక్కనపెడితే 64,512 మిగులుతాయి. కస్టమర్‌కు 1,024 పోర్టుల బ్లాక్ ఇస్తే ఒక్క ఐపీ వెనక 63 ఇళ్లు ఉంటాయి. మీ 700 మందికి 12 ఐపీలు చాలు. 2,048 చొప్పున ఇస్తే ఐపీకి 31 ఇళ్లు, మొత్తం 23 ఐపీలు కావాలి. రెండోదే మేలు. ఇంట్లో నాలుగు ఫోన్లు, టీవీ, ఒక టొరెంట్ నడిస్తే 1,024 పోర్టులు ఇట్టే అయిపోతాయి. అప్పుడు పేజీ సగం తెరుచుకుని ఆగుతుంది, ఫోన్‌పే తిరుగుతూ ఉంటుంది, స్పీడ్ టెస్ట్ మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. అది చూసి టెక్నీషియన్ ఓఎన్‌యూ (ఇంట్లో పెట్టే ఫైబర్ డబ్బా) మార్చి వస్తాడు. లోపం దానిలో ఉండదు.

అంటే పోర్ట్ లేని నోటీసు 31 ఇళ్లనో 63 ఇళ్లనో చూపించి వీళ్లలో ఒకడు అంటోంది. అందులో బిల్లు ఎక్కువ డేటా చూపించినవాణ్ణి పట్టుకుని వీడే అనుకోవడమే ఆపరేటర్లు సాధారణంగా చేసే పొరపాటు.

పోర్ట్ ఇచ్చినా టైమ్ దగ్గర మోసపోతారు. విదేశీ కంపెనీల నోటీసుల్లో టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, మనది దానికి ఐదున్నర గంటలు ముందు. 14వ తేదీ 18:45 యూటీసీ అంటే ఇక్కడ 15వ తేదీ రాత్రి 12:15. లాగులో 14వ తేదీ సాయంత్రం 6:45 దగ్గర వెతికితే ఆ పోర్ట్ బ్లాక్ అప్పుడు వేరే ఇంటికి ఉంటుంది, పేరు కూడా దొరుకుతుంది, అదీ తప్పు పేరు. తప్పు జరిగినట్టు ఎవరికీ తెలియదు కూడా.

ఇంకోటి రూటర్ గడియారం. చిన్న మైక్రోటిక్ కంపెనీ రూటర్ బోర్డుల్లో చాలావాటికి గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, వచ్చాక 1970లో మొదలవుతుంది. ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ సరిచేసుకునే ఏర్పాటు) పెట్టకపోయినా, పెట్టిన సర్వర్ అందకపోయినా లాగులన్నీ ఆ కాలానివే. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో గడియారాన్ని ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలపమని చెప్పింది ఇందుకే. రెండు సర్వర్లు పెట్టండి. రూటర్, రేడియస్ (లాగిన్లు చూసే సర్వర్), సిస్‌లాగ్ (లాగులు దాచే సర్వర్) మూడింటి టైమూ ఒకటేనా అని నెలకోసారి చూడండి. మూడూ ఒకే జోన్‌లో ఉండాలి, ఒకటి యూటీసీలో ఇంకోటి మన టైమ్‌లో ఉంటే లొల్లి తప్పదు.

లాగ్ ఎవరి దగ్గరుందో కూడా ఇప్పుడే తేల్చుకోండి. మీ ఐఎస్‌పీ బీఎన్‌జీ (వాళ్ల పెద్ద రూటర్) మీద పీపీపీఓఈ (కస్టమర్ లాగిన్) ముగుస్తుంటే, మీ దగ్గర ఓఎల్‌టీ (ఇళ్ల ఫైబర్లు వచ్చి కలిసే పెట్టె), స్విచ్ మాత్రమే ఉంటే, నాట్ (లోపలి అడ్రసును పబ్లిక్ ఐపీగా మార్చడం) లాగ్ వాళ్లది. మిమ్మల్ని కస్టమర్‌ను గుర్తించమనడమే అర్థం లేని మాట. వాళ్ల లాగులో యూజర్ ఐడీ ఉంటుంది, ఆ ఐడీ ఏ ఇంటిదో మాత్రమే మీకు తెలుసు. నాట్ మీ మైక్రోటిక్ మీదే జరుగుతుంటే లాగ్ బాధ్యత చేతికొచ్చినట్టే, ఒప్పందంలో అది ఎవరి పని అని రాసుందో చూడండి. లీజ్డ్ లైన్ ఒకటి తీసుకుని ఏ ఒప్పందమూ లేకుండా ఊరంతా పంచుతున్న వాళ్లు కొందరున్నారు. అది పైరసీ కన్నా ముందు లైసెన్స్ లేని వ్యాపారం. అట్లాంటిదైతే ఈ నోటీసు మీకున్న ఇబ్బందుల్లో చిన్నది.

2021 డిసెంబర్‌లో టెలికాం శాఖ లైసెన్స్ సవరించి ఈ రికార్డులు కనీసం రెండేళ్లు ఉంచమంది. ప్రతి సెషన్‌కు ఒక లైన్ రాస్తే ఎంత చోటు కావాలి? ఇంటికి రోజుకు 20,000 సెషన్లు అనుకుంటే 700 ఇళ్లకు 1.4 కోట్ల లైన్లు. లైన్‌కు 150 బైట్లు వేసుకున్నా రోజుకు 2.1 జీబీ, రెండేళ్లకు ఒకటిన్నర టెరాబైట్లు. కుదిస్తే అందులో పదో వంతు. 4 టీబీ డిస్కులు రెండు మిర్రర్‌లో (రెండింటిలో ఒకే కాపీ) పెడితే ఏ ఢోకా ఉండదు. పోర్ట్ బ్లాక్ పద్ధతిలో అయితే బ్లాక్ ఇచ్చినప్పుడు ఒక లైన్, వదిలినప్పుడు ఒక లైన్. లాగ్ చాలా చిన్నదవుతుంది, కానీ కస్టమర్ ఏ సర్వర్‌కు వెళ్లాడన్నది అందులో ఉండదు. మీ ఐఎస్‌పీకి ఏ ఫార్మాట్ కావాలో ముందే రాతపూర్వకంగా తీసుకుని అట్లాగే పెట్టండి. ఆ డిస్కును తెరిచే పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉండాలి. ఎవరింట్లో ఏం చూస్తున్నారో చెప్పుకుని నవ్వుకునే టెక్నీషియన్ ఉన్న ఊళ్లో కస్టమర్ నిలవడు.

ఇక మీ పార్ట్‌నర్ అడిగే బాక్స్. అమ్మేవాడు డీపీఐ (పోయే డేటాను విప్పి చూడటం) అనే మాట వాడతాడు, తెర మీద రంగురంగుల చార్టులు చూపిస్తాడు. అది చూడగలిగేదెంతో చెబుతాను. హెచ్‌టీటీపీఎస్‌లో (డేటా రహస్య లిపిలో పోయే పద్ధతి) పేజీ అడ్రసు కనబడదు, సైటు పేరు మాత్రం కనెక్షన్ మొదట్లో ఎస్‌ఎన్‌ఐ అనే చోట కనబడుతుంది. ఈసీహెచ్ (ఆ పేరును కూడా దాచే పద్ధతి) వాడే సైట్లలో అదీ కనబడదు. సైటు పేరు చెప్పి దాని ఐపీ అడిగే డీఎన్‌ఎస్‌ను కూడా దాచే డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ బ్రౌజర్‌లో ఉంటే, అడిగింది ఏ సైటో కూడా తెలియదు. టెలిగ్రామ్‌లో ఒకాయన మనవడి ఫొటో పంపినా, ఇంకొకాయన నిన్న రిలీజైన సినిమా దించుకున్నా మీ బాక్స్‌కు ఒకటే. ఇద్దరూ టెలిగ్రామ్‌తో మాట్లాడారు, అంతే. వీపీఎన్ పెట్టుకున్నవాడు అసలు కనబడడు. చివరికి ఆ బాక్స్ పట్టుకునేది ఏమీ దాచుకోవడం తెలియనివాణ్ణే. ఎక్కువ పంచేవాడు దానికి దొరకడు.

పైగా ఏరడం మొదలుపెట్టినరోజే సెక్షన్ 79లో మీ నిలబాటు బలహీనపడుతుంది. 'నా తీగలో ఏం పోతుందో నాకు తెలియదు' అనే మాట ఇక చెల్లదు. సినిమా వాళ్ల కోసం చూడగలిగినవాడు బెట్టింగ్ కోసం ఎందుకు చూడలేదని, ఇంకోదాని కోసం ఎందుకు చూడలేదని అడుగుతారు. కస్టమర్ల మాటలు, డేటా చూడటానికి ప్రభుత్వమే ఉన్నతాధికారి రాతపూర్వక ఉత్తర్వుతో ముందుకు రావాలి. 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసు తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కు అంది. కేబుల్ ఆపరేటర్‌కు అంతకన్నా ఎక్కువ అధికారం ఎక్కడినుంచి వస్తుంది? యూరప్‌లో ఇదే ప్రశ్న కోర్టుకెళ్లింది. 2011 నవంబర్‌లో స్కార్లెట్ అనే బెల్జియం ఐఎస్‌పీ కేసులో, కస్టమర్లందరి మీద ఎల్లకాలం ఫిల్టర్ పెట్టమనడం చెల్లదని యూరోపియన్ కోర్టు చెప్పింది.

లైన్ కట్ చేసే ముచ్చట. ఫ్రాన్స్ 2009లో హడోపీ చట్టం తెచ్చి దీన్నే ప్రయత్నించింది. రెండు హెచ్చరికలు, మూడోసారి కనెక్షన్ బంద్. జడ్జి లేకుండా కట్ చేయడం కుదరదని ఆ ఏడు జూన్‌లోనే రాజ్యాంగ మండలి కొట్టేసింది. తర్వాత అదే శిక్షను కోర్టు ద్వారా వేసేలా పెట్టారు. 2013 జులైలో కనెక్షన్ బంద్ శిక్షనే ఎత్తేశారు. అమెరికాలో పెద్ద కంపెనీలు 2013లో ఆరు హెచ్చరికల పద్ధతి పెట్టి 2017లో మూసేశాయి. ఆస్ట్రేలియాలో సినిమా కంపెనీలు ఐఐనెట్ మీద వేసిన కేసులో, నోటీసులొచ్చినా కస్టమర్ల మీద చర్య తీసుకోనంత మాత్రాన ఐఎస్‌పీ బాధ్యురాలు కాదని 2012 ఏప్రిల్‌లో హైకోర్టు చెప్పింది. అక్కడ హైకోర్టంటే అన్నిటికన్నా పై కోర్టు.

అవతలి పక్షం కూడా వినాలి. అమెరికాలో కాక్స్ అనే ఐఎస్‌పీ మీద 2019 డిసెంబర్‌లో జ్యూరీ 100 కోట్ల డాలర్ల పరిహారం వేసింది. 2024లో అప్పీలు కోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసినా బాధ్యత కొంత అట్లాగే ఉంచింది, ఆ తర్వాత కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి చట్టం వేరు. మళ్లీమళ్లీ తప్పు చేసేవారి ఖాతా తీసేసే విధానం ఉండాలని అది ముందే అడుగుతుంది. కాక్స్ విధానం రాసుకుంది గానీ పాటించలేదు, బిల్లు పోతుందని లైన్లు మళ్లీ ఇచ్చిందన్నది దాని మీది ఆరోపణ. అందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. కస్టమర్ ఫారంలో 'పైరసీ చేస్తే లైన్ కట్' అని ఊరికే అచ్చేయించకండి. చేయలేనిది రాస్తే అదే రేపు మీ మెడకు చుట్టుకుంటుంది.

దానికి తోడు ఇంటి సంగతి చూడండి. కనెక్షన్ తండ్రి పేరున ఉంటుంది, డిగ్రీ ఆన్‌లైన్ క్లాసులు కూతురివి, మీసేవ పనులు ఇంకొకరివి, సినిమా దించింది సెలవుకొచ్చిన మేనల్లుడు. నల్లగొండ, పాలమూరులో యూనివర్సిటీల చుట్టూ ఉన్న ప్రైవేటు హాస్టళ్లలో ఒక్క కనెక్షన్ మీద 40 ఫోన్లు ఉంటాయి, కేవైసీ మాత్రం ఓనర్‌ది. వైఫై పాస్‌వర్డ్ 12345678 ఉన్న ఇంట్లో పక్కింటివాళ్లూ కస్టమర్లే. చవక ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో ముందే మాల్‌వేర్ ఎక్కించి అమ్ముతున్నారు. అది ఆ ఇంటి ఐపీని తెలియకుండా ఎవరికో అద్దెకిస్తుంది. ఐపీ అంటే ఇంటి గడప. గడప దాటింది ఎవరో అది చెప్పదు.

మీరు ఇక్కడ చేయగలిగిన మంచిపని ఇన్‌స్టలేషన్ రోజునే ఉంది. ఓఎన్‌యూ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. బయటినుంచి అడ్మిన్ పేజీ తెరుచుకోకుండా మూయండి. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫై కలిపే సౌకర్యం) ఆపండి. వైఫైకి డబ్ల్యూపీఏ2 భద్రత పెట్టి 12 అక్షరాలకు తగ్గని పాస్‌వర్డ్ కస్టమర్‌తోనే పెట్టించండి. ఇంటికి పది నిమిషాల పని. హాస్టల్ అయితే ఓనర్‌కు వోచర్ లాగిన్ పెట్టించండి, ఎవరు ఎప్పుడు వాడారో ఆయన దగ్గరే రికార్డు ఉంటుంది.

టొరెంట్‌తో మీ అప్‌లింక్ నిండిపోతుందన్నది వేరే సమస్య, దాన్ని పైరసీతో కలపకండి. జీపాన్ (ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) పోర్ట్‌లో పైకి 1.244 జీబీపీఎస్ మాత్రమే, అదీ 64 ఇళ్లు పంచుకోవాలి. ఇంటికి ఇంత అప్‌లోడ్, ఇన్ని సెషన్లు అని అందరికీ ఒకే పరిమితి పెట్టండి, అది ట్రాఫిక్ నిర్వహణ. టొరెంట్ ప్రోటోకాల్ మొత్తాన్నే బ్లాక్ చేయడం మాత్రం వద్దు. కంటెంట్‌ను బట్టి తేడా చూపించకూడదన్న షరతు 2018లోనే లైసెన్సులోకి వచ్చింది. టొరెంట్‌లో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకునే విద్యార్థి చేసింది నేరం కాదు.

సైట్ బ్లాకింగ్ ఆర్డర్లు మాత్రం నిజమైన బాధ్యత. వాటికి రెండు దారులున్నాయి. ఒకటి కోర్టు. 2019 ఏప్రిల్‌లో యూటీవీ కేసులో ఢిల్లీ హైకోర్టు 'డైనమిక్' ఆర్డరు ఇచ్చింది. సైటు పేరు మార్చుకుని మళ్లీ వస్తే కొత్త దావా అక్కర్లేకుండా ఆ కొత్త పేరును అదే జాబితాలో చేర్చవచ్చు. రెండోది 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం వచ్చాక, ఆ నవంబర్‌లో సమాచార ప్రసార శాఖ పెట్టిన నోడల్ అధికారులు. వాళ్ల దగ్గరికి ఫిర్యాదు పోతే 48 గంటల్లో చర్య ఉండాలని పద్ధతి. ఆ చట్టం ప్రకారం సినిమాను దొంగతనంగా రికార్డు చేసినా, పంచినా కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా. పైకి మూడేళ్లు, నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పోతుంది.

ఆర్డరు వచ్చినప్పుడు జాబితాలో ఏ అక్షరం ఉందో అదే బ్లాక్ చేయండి. పేరులో ఆ ముక్క ఉన్న ప్రతి డొమైన్‌నూ పట్టే రూల్ రాయకండి. డీఎన్‌ఎస్‌లో మూస్తే 8.8.8.8 (గూగుల్ డీఎన్‌ఎస్) పెట్టుకున్నవాడు దాటేస్తాడు. మైక్రోటిక్‌లో టీఎల్‌ఎస్ హోస్ట్ రూల్ (సైటు పేరు చూసి ఆపేది) కొంతవరకు పట్టుకుంటుంది, క్విక్ అనే కొత్త కనెక్షన్ పద్ధతి మీద వెళ్లేదాన్ని పట్టదు. ఆ రంధ్రాలున్నాయని ఐపీ బ్లాక్‌కు మాత్రం దిగకండి. క్లౌడ్‌ఫ్లేర్ ఐపీ ఒక్కటి మూస్తే దాని వెనకున్న వేల సైట్లు పోతాయి. స్పెయిన్‌లో 2025లో ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం అదే చేసి సంబంధం లేని సైట్లను పడగొట్టారు. ఇటలీలో అరగంటలో బ్లాక్ చేసే వ్యవస్థ పెడితే 2024 అక్టోబర్‌లో గూగుల్ డ్రైవ్ మూతపడింది. మనకూ అనుభవమే. 2012లో మద్రాస్ హైకోర్టు ఒక సినిమా కోసం ఇచ్చిన ఆర్డరును పట్టుకుని ఐఎస్‌పీలు వీమియో, డైలీమోషన్ మొత్తంగా ఆపేశాయి. జూన్‌లో కోర్టే కలగజేసుకుని, ఫలానా యూఆర్‌ఎల్ అని చెప్పినదాన్నే ఆపాలని స్పష్టం చేసింది. ఆర్డరు కాపీ, వచ్చిన టైమ్, రూల్ పెట్టిన టైమ్ ఒక ఫైల్లో ఉంచండి. తీసేయమని వస్తే తీసేయడం కూడా గుర్తుండాలి, ఎక్కువమంది మరిచేది అదే.

సినిమా వాళ్ల నష్టం ఉత్తదేమీ కాదు, రిలీజైన రాత్రే నెట్‌లోకి వస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ దెబ్బ ఎక్కడ తగలాలో చూడండి. 2025 నవంబర్‌లో ఐబొమ్మ నడిపాడన్న ఆరోపణ మీద హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. కాపీ ఎక్కించేవాడు, సైటు నడిపేవాడు, దానికి యాడ్ డబ్బులిచ్చే బెట్టింగ్ యాప్ ఉన్న వరసలోకి పోవడమే ఫలితమిచ్చే పని. దానికి పోలీసులకు మీ దగ్గర కావలసింది చూపు కాదు, సరైన గడియారంతో రాసిన లాగ్.

ఇప్పుడు మీ లోకల్ సర్వర్. కస్టమర్లకు స్పీడ్‌గా వస్తుందని హార్డ్ డిస్కులో సినిమాలు పెట్టి లోపలి ఐపీ ఒకటి అందరికీ ఇచ్చారనుకుంటాను. ఇక్కడ సెక్షన్ 79 మిమ్మల్ని కాపాడదు. ఏ సినిమా పెట్టాలో మీరే ఎంచారు, మీ డిస్కులో దాచారు, దాన్ని చూపించి కనెక్షన్ అమ్మారు. ఇది తీగ ఇవ్వడం కాదు, దుకాణం పెట్టడం. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా, మళ్లీ దొరికితే 63ఏ కింద కనీస శిక్ష ఇంకా ఎక్కువ. 'మేం డబ్బులు తీసుకోలేదు, ఫ్రీగా ఇచ్చాం' అన్నది పనిచేయదు, నెలనెలా కనెక్షన్ బిల్లు తీసుకుంటున్నారు కదా. పండగరోజు లోకల్ కేబుల్ చానల్లో పెన్‌డ్రైవ్ పెట్టి కొత్త సినిమా వేయడం కూడా ఇదే లెక్క. రిలీజ్ వారం నిర్మాతల మనుషులు మొదట చూసేది ఆ చానళ్లనే. మీ టెక్నీషియన్ వేరే ఆదాయం కోసం ఐపీటీవీ (నెట్ మీద వచ్చే టీవీ) బాక్సుల్లో దొంగ ప్లేలిస్టులు ఎక్కించి అమ్ముతుంటే అదీ ఆపించండి. అతను మీ కంపెనీ చొక్కా వేసుకుని ఇంట్లోకి వెళ్తాడు, కేసులో ఆ చొక్కాయే కనబడుతుంది.

స్పీడ్ కోసమే అయితే చట్టబద్ధమైన దారి ఉంది. యూట్యూబ్‌కు గూగుల్, నెట్‌ఫ్లిక్స్‌కు ఓపెన్ కనెక్ట్ క్యాష్ సర్వర్లు (ఎక్కువమంది చూసే వీడియోల కాపీలు దగ్గర్లో దాచేవి) ఐఎస్‌పీలకు ఇస్తాయి. మీ సైజుకు నేరుగా రావు, మీ ఐఎస్‌పీ దగ్గర హైదరాబాద్‌లో ఉన్నాయా, ఆ ట్రాఫిక్‌కు మీకు వేరే రేటు ఇస్తారా అని అడగండి. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు ఫైబర్ మీద ఒకటి రెండు మిల్లీసెకన్లే, క్యాష్ అక్కడున్నా వీడియోకు తేడా తెలియదు.

ఇక ఈ మెయిల్‌కు జవాబు ఈరోజే రాయండి, ఐఎస్‌పీకే, మానిటరింగ్ కంపెనీకి కాదు. ఇంత చాలు: 'మీరు పంపిన ఫిర్యాదులో సోర్స్ పోర్ట్ లేదు. ఈ పబ్లిక్ ఐపీని అనేకమంది చందాదారులు పంచుకుంటున్నందున ఈ వివరాలతో ఒక చందాదారుని గుర్తించడం సాధ్యం కాదు. పోర్ట్, సెకన్లతో సమయం, టైమ్ జోన్ ఇస్తే రికార్డులు చూస్తాం. చందాదారుల వివరాలు కోర్టు లేదా అధికార సంస్థల రాతపూర్వక ఆదేశం మీద మాత్రమే ఇవ్వగలం.' పోర్ట్ ఉంటే మొదటి మూడు వాక్యాలు మార్చి, కస్టమర్‌కు ఫోన్ చేసి 'ఇట్లాంటి ఫిర్యాదొచ్చింది, వైఫై పాస్‌వర్డ్ మార్చుకోండి' అని చెప్పి, చెప్పిన తేదీ రాసుకోండి. పేరు ఎవరికీ చెప్పొద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. పోలీసులు వస్తే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 94 కింద నోటీసు రాతలో అడగండి. స్టేషన్ నుంచి ఫోన్ చేసి 'ఆ ఐపీ ఎవరిదో చెప్పు' అంటే ఐఎస్‌పీ నోడల్ అధికారి నంబర్ మర్యాదగా ఇవ్వండి.

సర్వర్‌ను ఈ రాత్రే నెట్‌వర్క్ నుంచి తీసేయండి. డిస్కును మాత్రం ఫార్మాట్ కొట్టకండి. నోటీసొచ్చాక చెరిపేస్తే సాక్ష్యం మాయం చేశారన్న ఇంకో కేసు తోడవుతుంది. కేబుల్ పీకి, పవర్ ఆపి, లాయర్‌ను కలిసేదాకా డబ్బాలో పెట్టండి.